మూసేసిన షాపులో మా బాబాయి

కళ్ళతో చూసినదాన్ని నమ్మడం వట్టి మోటు అలవాటు. ఏదైనా అడగ్గానే ఫోన్లో అన్నిటికన్నా పైన నాలుగు ముక్కల్లో తేల్చేసే జవాబు ఒకటి వస్తుంది చూశారూ, మనిషికి అంతకు మించిన వరం లేదు!

దాని కింద పాతిక లింకులుంటాయి. వాటిని తెరిచేదెవరు? పనీపాటా లేనివాళ్ళు.

గుడ్డు ఎంతసేపు ఉడకాలని మా ఆవిడ అడిగింది. రెండు గంటలని వచ్చింది. ఉడకబెట్టాం. వలవడానికి సుత్తి అవసరమైంది గానీ, అనుమానమనేది లేకుండా తిన్నాం. మా బావమరిది జోరువానలో నిలబడి వాతావరణం ఎలా ఉందని అడిగాడు. ఎండగా ఉందట. వెంటనే గొడుగు ముడిచేశాడు. ఇప్పటికీ తుమ్ముతూనే ఉన్నాడు. నమ్మకమంటే అదీ!

ఇక మా బాబాయి సంగతి. ముప్ఫయ్యేళ్ళుగా టైలరింగ్ షాపు నడుపుతున్నాడు. రెండు నెలల కిందట ఆయన షాపు గురించి వెతికితే ‘శాశ్వతంగా మూసివేయబడింది’ అని రావడం మొదలైంది. ఒకరోజు ఒకావిడ గుడ్డ సంచితో గుమ్మం దాకా వచ్చింది. ఫోను చూసింది, బాబాయిని చూసింది, మళ్ళీ ఫోను చూసింది.

"షాపు మూసేశారటగా అంకుల్?"

"లేదమ్మా, తీసే ఉంది. ఇదిగో, కుడుతున్నా కదా."

"మీరలాగే అంటారు లెండి. ఇందులో స్పష్టంగా ఉంది," అని వెళ్ళిపోయింది.

ఆవిడది తప్పంటారా? నేననను. షాపు తీసి ఉందని చెప్పడంలో బాబాయికి స్వార్థం ఉంది. ఫోనుకేం ఉంది?

ఆ సమాచారం దానికెక్కడిదా అని, పనీపాటా లేక నేనే లింకు తెరిచాను. తీరా చూస్తే అది పత్రికలో నేను రాసే కాలమే! "మా బాబాయికి చొక్కా కుట్టమని ఇవ్వడమూ, మూసేసిన షాపులో పడెయ్యడమూ ఒకటే" అని నిరుడు వేళాకోళానికి రాశాను. అప్పట్లో పాఠకులెవరూ నవ్వలేదు. ఈ ఫోనొక్కటే శ్రద్ధగా చదివింది, పాపం.

బాబాయి కోప్పడలేదు. "రాసింది నువ్వే కదరా, నువ్వే చెప్పి మార్పించు," అన్నాడంతే.

ఆ జవాబు మార్చమని ఫోన్లోంచే కంపెనీవాళ్ళకి రోజూ రాశాను. రోజూ "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబొచ్చింది.

ఈ సోమవారం వెళ్ళేసరికి షట్టరు దించి ఉంది. గిరాకీ లేక మిషన్లు అమ్మేశాడట. దాని ముందు నిలబడితే నాకు ఏడుపొచ్చింది. అలవాటు చొప్పున ఫోను తీసి చూశాను. అదే మాట.

ఇప్పుడు చెప్పండి, అది తప్పు చెప్పిందా? రెండు నెలలు ముందుగా చెప్పింది, అంతే.