గుండీ కనబడుట లేదు

“ఈ భూమ్మీద నా కళ్ళు కప్పగల నేరస్థుడు ఇంకా పుట్టలేదు బావా! పుట్టినా, ఎందుకు పుట్టానా అని ఏడుస్తూ ఉంటాడు!”

ఇలా ప్రకటించి, గడప తన్నుకుని, ఊరంతా భూతద్దం అని పిలిచే ఆయన, టైలరు ఇంట్లోకి ముందు తన టోపీని, ఆ వెనక తనను ప్రవేశపెట్టాడు.

టైలరు కుట్టుమిషను ఆపి నిట్టూర్చాడు. భార్యకు స్వయానా అన్న కాబట్టి పొమ్మనలేడు. భూతద్దం అసలు వృత్తి ఫొటోలకు ఫ్రేములు కట్టడం. కొట్లో గిరాకీ తక్కువ, తీరిక ఎక్కువ అయ్యేసరికి డిటెక్టివు అవతారం ఎత్తాడు. ఇప్పటిదాకా ఛేదించిన కేసులు రెండు. మొదటిది తన కొట్టు తాళంచెవి పోయిన కేసు. అది తాళానికే వేలాడుతూ దొరికింది. రెండోదాంట్లో ఒక పెద్దమనిషి ఈయన ప్రశ్నలు భరించలేక నేరం ఒప్పేసుకున్నాడు. తీరా చూస్తే అసలు నేరమే జరగలేదు.

“చెల్లెమ్మ ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. హత్యా, అపహరణా?” అన్నాడు భూతద్దం టోపీ దులుపుకుంటూ.

“కోడిపిల్ల.”

భూతద్దం గంభీరంగా కళ్ళు మూసుకున్నాడు. “అయితే రెండూ కావచ్చు.”

ఆ కోడిపిల్ల పేరు గుండీ. నెల కిందట పెరట్లో పుట్టిన ఐదు పిల్లల్లో నాలుగు పావురాలంత అయ్యాయి. ఐదోది మాత్రం పుట్టిననాడు ఎంతో ఇప్పుడూ అంతే. తల్లికోడి కూడా దాన్ని తనది కాదన్నట్టు మొహం తిప్పేసుకుంది. మందలోకి వదిలితే పెద్ద కోళ్ళు పొడిచేస్తున్నాయి, అందులోనూ హెడ్మిస్ట్రెస్ అని పేరు పడ్డ ఎర్రపెట్ట మరీను. అందుకని టైలరు భార్య గుండీని ఒక అట్టపెట్టెలో పెట్టి, వెచ్చదనానికి బల్బు వేలాడదీసి, పెరట్లో కోళ్ళు కనబడేలా ఆ పెట్టెకు చిన్న కిటికీ కత్తిరించి పెంచుతోంది. రోజూ కాసేపు బయటికి తీసుకెళ్ళి, చీపురు పట్టుకుని పక్కనే కాపలా కూర్చుంటుంది. టైలరు ప్రతి ఆదివారం టేపుతో దాని కొలతలు తీసి, గిరాకీల కొలతల పుస్తకంలోనే రాస్తాడు. ‘ఛాతీ మూడున్నర. మార్పు లేదు’ అని నాలుగు వారాలుగా అదే మాట.

వచ్చే ఆదివారానికైనా మందలో కలవకపోతే దాన్ని టైలరు మేనత్తకు ఇచ్చేయాలని మొన్ననే అనుకున్నారు. ఆవిడ పంజరంలో పెట్టి చూసుకుంటుంది. టైలరు భార్య సరేనని తలూపింది గానీ, ఆ రోజు నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. ఆ ఆదివారం రేపే. ఇవాళ పొద్దున చూస్తే పెట్టె ఖాళీ.

భూతద్దం పెట్టెలోకి దూరినంత పని చేసి చూశాడు. “బావా! ఈక! దుండగుడు కోడి వేషంలో వచ్చాడు!”

“కోడిపిల్ల పెట్టెలో ఈకలు ఉండక నీ టోపీలు ఉంటాయా?”

“మామూలు కళ్ళకు అలాగే కనిపిస్తుంది” అని జాలిపడి, భూతద్దం పెరట్లోకి నడిచాడు.

కోళ్ళన్నీ గింజలు ఏరుకుంటున్నాయి. హెడ్మిస్ట్రెస్ ఒక్కతే గోడవార ఒళ్ళంతా ఉబ్బించుకుని కదలకుండా కూర్చుని, దగ్గరికొస్తే చంపేస్తానన్నట్టు చూస్తోంది.

“అందరూ తిరుగుతుంటే ఇదొక్కటే ఎందుకు కూర్చుంది? మనసులో నేరం బరువు! నిన్ను అరెస్టు చేస్తున్నాను!” అంటూ భూతద్దం పక్కనున్న వెదురు గంప తీసి దాని మీద బోర్లించాడు. ముద్దాయి ఎదురు చెప్పలేదు.

“అది మూడు రోజుల నుంచి అలాగే కూర్చుంటోంది అన్నయ్యా, దాని జోలికి పోకు. ముందు గుండీని వెతుకు” అంది చెల్లెలు, మంచాల కిందా కుండీల వెనకా వెతికి వెతికి వచ్చి.

అంతలో కుళాయి బాగుచేయడానికి ప్లంబరు వచ్చాడు. భుజాన సంచీ ఉంది. అందులో పానాలు రాసుకుని ఆ సంచీ కియ్యిమంది. ఇంకేం కావాలి? రెండు నిమిషాల్లో ప్లంబరు టైలరు గదిలో స్టూలు మీద ఉన్నాడు, మొహం మీద భూతద్దం జేబులోంచి తీసి తగిలించిన బల్బు వెలుగుతోంది.

“నిజం చెప్పు. పొద్దున ఎక్కడున్నావు?”

“మీ ఇంట్లోనే ఉన్నానండీ. మీ మోటారు బాగుచేస్తూ.”

“సాక్షులున్నారా?”

“మీరేనండీ. పక్కనే నిలబడి నా బూట్ల గుర్తులు కొలిచారు.”

మంచినీళ్ళు తాగడానికి లోపలికి వచ్చిన టైలరు భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె చూపు ప్లంబరు మీద లేదు, బల్బు మీద ఉంది.

“అన్నయ్యా, ఆ బల్బు ఎక్కడిది?”

“విచారణకు దీపం లేకపోతే ఎలా? పొద్దున తొమ్మిదింటికి ఇటు వచ్చినప్పుడు ఆ అట్టపెట్టెలో ఊరికే వెలుగుతుంటే తీసుకెళ్ళాను. ఏ కేసు ఎప్పుడొస్తుందో అని ముందుజాగ్రత్త...”

మాట మధ్యలోనే భూతద్దానికి తన గొంతు తనకే వినబడింది. నేరం జరగకముందే దర్యాప్తుకు సిద్ధమై, ఆ సిద్ధపడటంతోనే నేరం చేసిన డిటెక్టివు బహుశా ఆయనొక్కడే.

“దానికి చలేసి ఉంటుంది,” అంది ఆమె. అరవలేదు. అరిచినా బాగుండేదని టైలరుకు అనిపించింది. “చలేసి కిటికీలోంచి బయటికి వచ్చి ఉంటుంది. బయట అన్నీ పొడిచేవే. నెల రోజులు అరచేతిలో పెట్టుకుని పెంచానన్నయ్యా.”

ప్లంబరు నెమ్మదిగా తానే బల్బు ఆర్పేశాడు.

భూతద్దం టోపీ తీసి పెరట్లోకి నడిచాడు. కింద ఏముందో కూడా చూడకుండా కూలబడ్డాడు.

కింద ఉన్నది గంప. అది ఒక పక్కకు ఒరిగింది, ఆయన ఇంకో పక్కకు దొర్లాడు. హెడ్మిస్ట్రెస్ రెక్కలు విప్పి ఒక్కసారిగా లేచి ఆయన పిక్క మీద పొడిచింది. ఆ రెక్క కింది నుంచి జారి, మట్టిలో పల్టీ కొట్టి, చిరాగ్గా కియ్యిమంది గుండీ!

“ఆగండి! ఎవరూ కదలకండి!” అంది టైలరు భార్య. పొడుస్తుందేమోనని ఆమె చెయ్యి చీపురు కోసం వెతుకుతోంది.

హెడ్మిస్ట్రెస్ గుండీని చూసింది. ముక్కుతో నెమ్మదిగా తనవైపు లాక్కుంది. మళ్ళీ ఒళ్ళు ఉబ్బించి, దాని మీద కూర్చుని, లోకమంతటినీ గుర్రుగా చూసింది.

“గుడ్లు లేకుండానే పొదగాలని కూర్చుందండీ పిచ్చిది! దానికీ ఒక పిల్ల కావలసొచ్చింది,” అంటూ ఆమె మొగుడి భుజం పట్టుకుని నవ్వుతూ ఏడ్చేసింది.

భూతద్దం పిక్క రుద్దుకుంటూ లేచాడు. టోపీ మళ్ళీ తలకెక్కింది. “ముద్దాయినీ బాధితురాలినీ ఒకే గంప కింద పెట్టడం నా పద్ధతి బావా. ఫలితం చూశావుగా!”

సాయంత్రం కోళ్ళన్నీ గూట్లోకి వెళ్ళాయి. హెడ్మిస్ట్రెస్ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, గుండీ తప్పటడుగులతో ఎక్కేదాకా నిలబడింది. పొడవబోయిన పుంజుకు నెత్తిమీద ఒకటిచ్చి, పిల్లను తీసుకుని లోపలికి పోయింది. నెల తర్వాత మొదటిసారి టైలరు భార్య ఒట్టి చేతులతో నిలబడింది. ఆ చేతుల్ని ఏం చేయాలో ఆమెకు కాసేపు తోచలేదు.

“అందరినీ లోపల వేశాం. కేసు ముగిసింది!” ప్రకటించాడు భూతద్దం.

“ఎక్కడ ముగిసింది అన్నయ్యా? బల్బు దొంగ ఇంకా బయటే ఉన్నాడు,” అంటూ ఆమె గూడు తలుపు బార్లా తెరిచింది. “దూరు.”