ప్రామాణిక వణుకు

ప్రాంతీయ కంపన కొలతల కేంద్రంలో, అదురును కొలిచే మిగతా పరికరాలను సరిచూసే ప్రామాణిక యాక్సెలరోమీటరు పాడైపోయిన రోజున, కొత్తది వచ్చేవరకు దాని స్థానంలో టపా గుమస్తా పిల్లా సన్యాసిరావును నియమించారు. పై అధికారి గదిలో అడుగు పెట్టగానే సన్యాసిరావు కుడిచెయ్యి పంతొమ్మిదేళ్లుగా ఒకే తీరున, ఒకే వేగంతో వణుకుతోందని టెక్నీషియన్ గౌస్ బాషా కొలిచి చూపించాడు. పాడైన పరికరానికి కూడా అంత నిలకడ ఉండేది కాదు.

అప్పటినుంచి విశాఖ చుట్టుపక్కల వంతెనలు, లిఫ్టులు, మిల్లు మోటార్లు ఎంత అదురుతున్నాయో కొలిచే పరికరాలన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. గౌస్ ఒక్కొక్కదాన్నీ ఆయన మణికట్టుకు కట్టి అధికారి గదిలోకి పంపేవాడు. పరికరం చూపించిన అంకె ఆ వణుకుతో సరిపోతే సర్టిఫికెట్ ఇచ్చేవారు. నాలుగేళ్లలో ఒక్క ఫిర్యాదు రాలేదు. సన్యాసిరావును స్టాకు రిజిస్టరులోకి ఎక్కించారు. ఆయన ఎవరి పెళ్లికి వెళ్లాలన్నా సామాను తరలింపు అనుమతి తీసుకోవాలి.

ఈ ఏడాది పాత అధికారి బదిలీ అయి సుహాసిని గారు వచ్చారు. ఆవిడ మొదటి రోజే ఆయన్ని కూర్చోమన్నారు. మర్నాడు పిల్లల చదువుల గురించి అడిగారు. అంతకుముందు ఆ వణుకు ఇంటికొచ్చాక కూడా ఒక గంట మిగిలి ఉండేది. మూడో వారంలో ఆయన భార్య నూకరత్నం టీ ఇచ్చి, గ్లాసు వంకే చూస్తూ నిలబడిపోయింది.

"ఏటయ్యా, టీ ఒలకట్లేదు. ఒంట్లో బాగోలేదా?"

తనకూ అదే దిగులుగా ఉందన్నాడు సన్యాసిరావు.

వార్షిక తనిఖీకి ముందు గౌస్ కొలిస్తే వణుకు సగానికి పడిపోయింది. ప్రామాణికం తప్పితే నాలుగేళ్ల సర్టిఫికెట్లూ చెల్లవు. రెండు వంతెనలు మూసెయ్యాలి, ఆసుపత్రి లిఫ్టులు ఆపెయ్యాలి, సన్యాసిరావును పనికిరాని సామాన్ల జాబితాలో చేర్చాలి. సుహాసిని గారు ఫైలు రెండుసార్లు చదివి, తప్పు తనదేనని ఒప్పుకున్నారు.

తనిఖీ రోజు సన్యాసిరావు పరికరం కట్టుకుని గదిలోకి వెళ్లాడు. ఆవిడ కుర్చీ చూపించలేదు. కాగితాల్లోంచి తలెత్తకుండా, నెమ్మదిగా అడిగారు.

"నిన్నెవరు రమ్మన్నారు?"

చెయ్యి పాత వణుకు అందుకుంది. గౌస్ అంకె చదివాడు. పాత అంకే, చుక్క తర్వాత మూడు స్థానాల దాకా. సన్యాసిరావు కళ్లు చెమర్చాయి.

"బతికించేరు మేడమ్," అన్నాడు.

ఆవిడ నవ్వబోయి ఆపుకున్నారు.

అంతలో ఢిల్లీ నుంచి ఫోను వచ్చింది. ఆవిడ లేచి నిలబడి మాట్లాడారు. బల్ల మీద ఆనించిన ఆవిడ ఎడమచేతి పక్కనే, ముద్ర కోసం వచ్చిన ఇంకో పరికరం ఉంది. దాని మీద అంకె కదలడం గౌస్ చూశాడు. సన్యాసిరావు అంకెకూ దానికీ పిసరంత కూడా తేడా లేదు. ప్రతి ప్రామాణికాన్నీ దాని పైదానితో సరిచూడాలన్నది నిబంధన. పత్రంలో ఆ పైదాని పేరు రాయాల్సిన గడి నాలుగేళ్లుగా ఖాళీగా ఉంది. అందులో గౌస్ ఆవిడ పేరు రాసి ముందు పెట్టాడు.

ఆవిడ గడిలో తన పేరు చదివి, మరి ఢిల్లీవారిని ఎవరితో సరిచూస్తారని అడిగారు.

"వాళ్ల పైవాళ్లు ఉంటారు కదా మేడమ్," అన్నాడు గౌస్.

ఆవిడ మనసు తేలికపడింది. పత్రం దగ్గరికి జరుపుకుని సంతకం చేశారు. సంతకం కొద్దిగా వణికింది. నిబంధనల ప్రకారం వణకాల్సినంతే వణికింది.