పాకం పట్టిన పువ్వు

కుముదిని భర్త భాష్యం సంచి సర్దుతూ, సరిగానే ఉన్న పంచెల మడతను మళ్లీ విప్పింది. ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. ఆఫీసులో సగంమందిని కర్నూలు పంపిస్తున్నారు. భాష్యం పేరు వెళ్లేవాళ్లలో ఉంది. అదే ఆఫీసులో గుమాస్తాగా ఉన్న ఆమె అన్న త్యాగరాజు పేరు ఉండిపోయేవాళ్లలో ఉంది. ఇల్లు దొరకగానే పిలిపిస్తానని భర్త అన్నాడు. ఆమె నమ్మలేదు.

"ఏమే, ఇంకా చోటుంది. నువ్వు గూడా దూరిపో" అన్నాడు త్యాగరాజు, బావగారి సంచి చేత పట్టుకుని.

ఆమె అన్న మాట పట్టించుకోకుండా, కొక్కెపు సూదితో తెల్లనూలు అల్లి చేసిన పువ్వును భర్త వేసుకున్న చొక్కా లోపల, గుండె దగ్గర గుచ్చింది. రెక్కలు వాలిపోకూడదని దాన్ని ముందురోజే చక్కెర పాకంలో ముంచి కిటికీలో ఆరబెట్టింది. పువ్వు అప్పడంలా బిరుసెక్కింది. రెక్కల కింద ఎర్రచీమలు కాపురం పెట్టిన సంగతి ఎవరూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే పై అధికారి వెంకటాచలపతి, భాష్యాన్ని వెంటబెట్టుకుని కర్నూలు పోవడానికి టాక్సీలో వచ్చి గుమ్మమెక్కాడు. భాష్యం నమస్కారం పెట్టబోయి ఎగిరి గంతేశాడు. చొక్కా చించుకున్నాడు. ఛాతీ నిండా ఎర్రటి పొక్కులు.

"ఇదేందయ్యా?"

కుముదినికి భర్తను ఆపే దారి కనబడింది. "అమ్మవారు సార్!"

"కాదే, ఇది..." అన్నాడు భాష్యం.

"జ్వరం సార్. ఏందేందో మాట్లాడతా ఉండాడు."

వెంకటాచలపతి ఒక్క దూకులో వీధిలో పడ్డాడు. అక్కడ బావ సంచి టాక్సీలో పెడుతూ త్యాగరాజు కనిపించాడు.

"నువ్వు గుమాస్తావేగదా? పెండ్లి గూడా కాలేదు. ఎక్కు!"

"నా పేరు ఈడనే సార్..."

"కర్నూల్లో నాకు గుమాస్తా కావాలప్పా, భాష్యమే కావాలని మొక్కుకోలేదు. ఎక్కు!"

కుముదిని వీధిలోకి పరుగెత్తింది. "సార్, అమ్మవారు కాదు, చీమలు! పువ్వుకు పాకం పట్టినాను సార్!"

"అయ్యో పాపం, ఈ యమ్మకు గూడా జ్వరం తలకెక్కింది" అన్నాడు అధికారి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. "డ్రైవర్, పోనీ!"

త్యాగరాజు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమే, బావ పంచెలు నాకు పొట్టి!" అని అరిచాడు. చేతిబండ్ల మధ్య టాక్సీ మలుపు తిరిగింది.

భాష్యం పొక్కులు సాయంత్రానికే తగ్గాయి. తర్వాత ఆఫీసులో బావమరిది కుర్చీ అతనికిచ్చారు.

త్యాగరాజు వెళ్లింది 1953 అక్టోబరులో. అక్కడే స్థిరపడి, తిరిగి రాలేదు.