గేరు మీట ఎక్కడ బిగించాలి?

తెలియనివాడు అడక్కుండా ఇచ్చే సలహాను మించిన వరం ఈ లోకంలో లేదు!

నేను వ్యాపారిని. దేన్నీ ఊరికే మెచ్చుకునే అలవాటు నాకు లేదు. మొదట్లో చేతిలో ఏముంది, చివరికి ఏం మిగిలింది అని చూసుకున్నాకే నోరు తెరుస్తాను. కాబట్టి లెక్క మొదటినుంచీ చెబుతాను. తప్పుంటే మీరు దిద్దండి. దిద్దకుండా మీరు మాత్రం ఉండగలరా?

పోలీసు యాక్షన్ జరిగిన ఏడాది చలి మొదలయ్యేసరికి నా చేతిలో ఉన్నది ఇదీ: సికింద్రాబాదు కార్ఖానా పేటలో ఒక దుకాణం, దాంట్లో తెల్లదొరలు వదిలిపోయిన ట్రంకు పెట్టెలు, మడత మంచాలు, వాటి మధ్య ఎవరూ కొనని ఒక సైకిలు.

ఎవరూ ఎందుకు కొనలేదంటే, దాని హ్యాండిలు మన సైకిళ్లలా ఉండదు. పొట్టేలు కొమ్ముల్లా ముందుకు వచ్చి కిందికి వంగి ఉంటుంది. ఎవరో కెప్టెను దానికి సంచులు కట్టుకుని నీలగిరి దాకా తొక్కి వచ్చాడట. వెనక చక్రానికి చిన్నా పెద్దా మూడు పళ్ల చక్రాలు. మీట తిప్పితే తీగ లాగుతుంది, గొలుసు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గెంతుతుంది. ఎత్తు ఎక్కడానికి పెద్దది, చదును నేల మీద చిన్నది. సరిగ్గా ఆ మీటే విరిగిపోయింది.

కెప్టెను దూరాలోచన గలవాడు. సైకిలుతోపాటు ఒక బిస్కట్ల డబ్బా కూడా వదిలిపోయాడు. అందులో మూడు కొత్త మీటలున్నాయి. ఒకటి హ్యాండిలు కొమ్ము కొసలో దూర్చేది. ఒకటి హ్యాండిలు నడిమధ్యన బిగించేది. ఇంకొకటి పెడళ్ల దగ్గరికి దిగే వాలు గొట్టానికి బిగించేది. మెదకు రోడ్డున ఊళ్లు తిరిగి పాత సామాను కొనాలంటే నాకు ఆ సైకిలు కావాలి. ఏ మీట బిగించాలి?

అంతకు ముందైతే ఇది ప్రశ్నే కాదు. బోయిగూడలో నాసర్ మియా ఉన్నాడు. కంటోన్మెంటు దొరల గేరు సైకిళ్లన్నీ అతని చేతి కిందే బతికాయి. అతని దుకాణంలో ఒక పద్ధతి ఉంది: ముందు తిట్టు, తర్వాత రిపేరు. గొలుసుకు నూనె పెట్టకుండా తెచ్చినవాడు కర్నలైనా సరే, నిలబడి తిట్లు పూర్తిగా తినాలి. తిన్నాకే నాసర్ పానా పట్టుకుంటాడు. ఆ తిట్ల కోసమే పంక్చరు లేకపోయినా వచ్చే దొరలుండేవారు!

సెప్టెంబరులో మిలిటరీ ఊళ్లోకి వచ్చిన రోజున నాసర్ దుకాణం మూశాడు. మళ్లీ తీయలేదు. అతను రజాకార్ల దండులో తిరిగినవాడు కాదు, ఎవరి జెండా మోసినవాడూ కాదు. కానీ రోజులు అలాంటివి. ఎవరితో మాట్లాడితే ఎవరు చూస్తారో, చూసి ఎక్కడ చెబుతారో! దుకాణం మీది గదిలో కిటికీ వేసుకుని కూర్చున్నాడు. కరాచీలో బావమరిది ఉన్నాడనీ, బొంబాయి వెళ్లి ఓడ ఎక్కేస్తాడనీ చెప్పుకున్నారు. పనిముట్లన్నీ బేరం కుదిరాయనీ, వచ్చే శుక్రవారం పొద్దున వాటిని తీసుకుపోవడానికి బేగంపేట నుంచి బండి వస్తుందనీ కూడా చెప్పుకున్నారు. ఆ బండి వెళ్లిందంటే నాసరూ వెళ్లినట్టే.

ఇది విని మా వాళ్లంతా ఒకే మాట అన్నారు: "పాపం!"

'పాపం' సలహా కాదు కనుక దాన్ని నేను లెక్కలో వేయలేదు.

అసలు సరుకు వేరే ఉంది. ఆ రోజుల్లో సికింద్రాబాదులో బియ్యానికి రేషను, చక్కెరకు రేషను, కిరసనాయిలుకు రేషను. సలహాకు మాత్రం ఏ రేషనూ లేదు, ఏ పర్మిటూ అక్కర్లేదు! నాకు జలుబు చేస్తే వీధి ఈ చివర మిరియాల కషాయం, ఆ చివర గడ్డపెరుగు. మా పెట్ట గుడ్లు పెట్టడం మానేస్తే దానికి కీర్తనలు వినిపించమన్నవాళ్లున్నారు. ఏ రాగంలో అన్న దగ్గర వాళ్లలో వాళ్లకే పడలేదు. బొల్లారం రోడ్డున మిలిటరీ ట్యాంకులు వస్తుంటే, మలుపులో ఎలా తిప్పుకోవాలో చెయ్యి ఊపి చూపించిన పెద్దమనిషి మా పక్కింట్లోనే ఉన్నాడు. ట్యాంకు విందా? వినలేదు. ఆయన నొచ్చుకున్నాడా? లేదు. వెనక వచ్చే ట్యాంకుకు చెప్పాడు! జీతమిచ్చి పెట్టుకున్న మనిషికి ఉంటుందా ఇంత ఓపిక?

సరే. నేను సైకిలు నడిపించుకుంటూ బోయిగూడ వెళ్లాను. దుకాణం తలుపులు మూసే ఉన్నాయి. మెట్టు మీద డబ్బా తెరిచి మీటలు చూసుకుంటున్నానో లేదో, జీవరాజు గారు ప్రత్యక్షమయ్యారు. ఆయన రైల్వేలో టిక్కెట్లిచ్చే గుమాస్తా. బాపట్ల నుంచి బదిలీ మీద వచ్చారు.

"ఇందులో ఆలోచించేదేవుందండీ జకర్యా గారూ! కొమ్ము కొసన పెట్టించెయ్యండి. ఇంజను డ్రైవరు మీట మీంచి చెయ్యి తీస్తాడా? తియ్యడు!"

"మీరు గేరు సైకిలు తొక్కారా?"

"నాకసలు సైకిలే రాదండీ."

చూశారా! ఎంత నిర్మలమైన సలహా! అనుభవం మచ్చ ఒక్కటి కూడా అంటలేదు.

అంతలో మేబెలమ్మ గారు గొడుగుతో వచ్చారు. మా చర్చిలో సగం మంది పిల్లలకు పియానో నేర్పింది ఆవిడే.

"నాన్సెన్స్ జీవరాజ్! నడిమధ్యన పెట్టాలి, ఎడమ చేతి పక్కకి. పియానోలో బరువంతా లెఫ్ట్ హ్యాండే మోస్తుంది. ఎత్తు ఎక్కడమంటే బరువే కదా మ్యాన్?"

"అదేం లేదండీ. ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న చక్రం మీద వేసుకుంటే సరి. చిన్నదంటే తేలిగ్గా ఉంటుందిగా!"

ఆ మాటతో మా నెత్తి మీద కిటికీ జానెడు తెరుచుకుంది.

లోపల ఎవరో దగ్గారు. రోగంతో వచ్చే దగ్గు కాదది. మన మాట నచ్చనివాడి దగ్గు. అంగట్లో 'నాకొద్దు' అంటూనే బట్ట అంచు వదలని గిరాకీని ముప్పయ్యేళ్లుగా చూస్తున్నవాణ్ణి, నాకు తెలియదా? ఊరంతా కలిసి అన్న 'పాపం' ఆ కిటికీని వెంట్రుక వాసి కదపలేదు. ఒక్క తప్పుడు సలహా జానెడు తెరిచింది!

ఇక ఆలస్యమెందుకు? ఆ మర్నాటి నుంచి రోజూ సాయంత్రం సైకిలు అక్కడే పెట్టాను. దారిన పోయేవాళ్లను పిలిచి మరీ అడిగాను. గేరు సంగతి కాస్త తెలిసినవాళ్లు ఒకరిద్దరు తగిలారు. మర్యాదగా సాగనంపాను. మీటకు కొబ్బరినూనె రాయమన్నవాణ్ణి మాత్రం టీ పోయించి కూర్చోబెట్టుకున్నాను. జీవరాజు గారు రోజుకో కొత్త సిద్ధాంతం తెచ్చేవారు. మూడు మీటలూ ఒకేసారి బిగిస్తే మూడింతలు వేగం వస్తుందని ఆయన అన్న రోజున కిటికీ సగం తెరుచుకుని, గడ్డం కనిపించి, మళ్లీ లోపలికి పోయింది.

బుధవారం నాడు నాసర్ భార్య గులాబ్ బీ తల బయట పెట్టింది.

"జెర ఊకోరాదుండ్రి! మీ ముచ్చట్లు ఇని ఆయన అన్నం సుత తింటలేడు. ఇంట్ల గీ మూలకెంచి గా మూలకు తిరుగుతుండు."

"ఏమంటున్నాడు భాబీ?"

"నాతో ఏమంటడు? గోడతోని అంటుండు. 'చిన్న చక్రమంట, చిన్న చక్రమంట' అని!"

గురువారమైంది. కిటికీ తెరుచుకుంటోంది కానీ మనిషి దిగడం లేదు. తెల్లవారితే బండి వస్తుంది. అప్పుడు నా దగ్గరున్న సలహాదారుల్లోకెల్లా గొప్పవాణ్ణి పిలిపించాను. హార్మోనియాలు చేసే బ్రహ్మాచారి. ఆయన వస్తూనే మీటల వైపు చూడనైనా చూడలేదు.

"మీటల తప్పేం లేదు జకర్యన్నా. తప్పంత ఈ కొమ్ములదే. రెండు దిక్కుల కోసేస్త, సీదా అయితది. సీదా హ్యాండిలుకు ఏ మీటన్న కూసుంటది."

"కోసెయ్యి" అన్నాను, కిటికీకి వినబడేలా. ఏ పనివాడైనా ముందు కొలతలు తీసుకుంటాడు కదా, ఆ లోపల నాసర్ దిగుతాడని నా అంచనా. నేను ఊహించింది బెదిరింపు. బ్రహ్మాచారి తెచ్చింది రంపం! కిర్రుమంది. ఇనుప రజను నా చెప్పు మీద రాలింది.

"అరే ఆగు! ఆగుమంటున్న గద!"

నాసర్ లుంగీ ఎగగట్టుకుని మెట్ల మీంచి దూకినంత పని చేశాడు.

"ఏందిర బై, గిట్ల కోస్తరా? సైకిలా, గుమ్మడికాయా? ఈయనెవరు, రైల్వే సాబా? చిన్న చక్రం మీద ఎత్తు ఎక్కితే మోకాళ్లు పోతయి సాబ్! మీ రైల్వే వాళ్లు కొత్తయి ఇస్తరా? మేబెలమ్మా, సదువుకున్నోరు, మీరు సుతనా! జకర్యా భాయ్, నువ్వు ఇటు రా. గొలుసుకు నూనె ఎప్పుడు పెట్టినవ్?"

"పెట్టలేదు."

"పెట్టలేదు! మొఖం చూడు!"

వరుసగా నిలబడి అందరం తిట్లు పూర్తిగా తిన్నాం. జీవరాజు గారికి ఆ దుకాణం పద్ధతి కొత్త. అయినా బాగానే తిన్నారు.

పద్ధతి ప్రకారం తిట్టు అయ్యాక రిపేరు రావాలి కదా? నాసర్ చెయ్యి దానంతటదే పానా కోసం సాగింది. పానా ఎక్కడుంది? లోపల గోనెసంచిలో, అమ్మేసిన సామానుతో. దుకాణం తెరవకుండా ఎలా వస్తుంది? ఒక్క క్షణం తలుపుల ముందు నిలబడ్డాడు. తీశాడు.

మూడు మీటలూ చూసి మూడూ పనికిరావన్నాడు. తన దగ్గర నాలుగోది ఉందన్నాడు. అది ఎక్కడ బిగించాలో గొట్టం చూసి చెబుతానన్నాడు. చూస్తున్నంతలో పాలవాడు ఆగాడు.

"దుకాణం తెరిచిన్రా నాసర్ భాయ్? జెర గాలి కొట్టు."

శుక్రవారం పొద్దున బండి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. గులాబ్ బీ వాకిట్లో అడ్డం నిలబడి బండివాడికి చెప్పింది: "పానాలు పనిల ఉన్నయి. బయానా పైసలు రేపు వాపస్ పంపిస్త. పో, గిరాకీ టైము!"

ఇప్పుడు చెప్పండి. తెలియనివాళ్ల సలహా వరమా, కాదా? తెలిసినవాళ్లనే పోగేసి ఉంటే మీట మొదటి రోజే బిగిసేది, నాసర్ ఓడ ఎక్కేవాడు!

ఆ తర్వాత ఒక సాయంత్రం నాసర్ నా సైకిలుకు బోల్టు బిగిస్తూ, తల ఎత్తకుండా అన్నాడు:

"ఒక్క మాట అడుగుత జకర్యా భాయ్. అన్ని దినాలు కిటికీ కింద లొల్లి చేసిన్రు. ఒక్కడన్న తలుపు కొట్టి 'నాసర్, పోకు' అంటే అయిపోతుండె గద?"

జీవరాజు గారు పళ్ల చక్రాలను శ్రద్ధగా చూడసాగారు. మేబెలమ్మ గారు వాన లేకపోయినా గొడుగు విప్పారు.

ఇక మిగిలింది తేల్చేస్తాను. సైకిలు ఎత్తు ఎక్కుతోంది. నాసర్ ఊళ్లోనే ఉన్నాడు, తిడుతున్నాడు. ఇదంతా లాభం. కానీ బోయిగూడలో ఇంకా కొన్ని కిటికీలు మూసే ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్లకు గేరు సైకిళ్ల మీద ఏ పట్టింపూ లేదు. కింద నిలబడి మనమెంత తప్పుగా మాట్లాడినా వాళ్లు దిగిరారు. అక్కడ తలుపు చేత్తోనే కొట్టాలి. ఎలా కొట్టాలో మాత్రం, ఇంతమందిలో ఇంతవరకూ నాకెవరూ సలహా ఇవ్వలేదు.