గాజు వెనక మీసాల బొమ్మ

బుడమేరు పొంగి ఊళ్లోకొచ్చిన మరుసటి ఏడు జరిగిందిది. ఆ వరదలో మార్కండేయులు చీరల గోదాము మునిగింది. తడిసిన సరుకంతా పారబోశాడు. అయినా “వరద చీరలు ఉతికి అమ్ముతున్నాడటండీ” అన్న మాట మాత్రం పోలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర కొట్టుకి వచ్చినవాళ్లు చీరని గుమ్మందాకా పట్టుకెళ్లి, ఎండలో మరకలు వెతికి, ఉత్తచేతులతో వెళ్లిపోయేవారు.

ఆ పొద్దున ఆయన ఆశ ఒక్కటే. చల్లపల్లి నుంచి మాణిక్యమ్మ కూతురి పెళ్లిచీరకి వస్తోంది. ఆవిడ కొంటే ఆ చుట్టుపక్కలంతా కొంటారు. ఆవిడ పెదవి విరిస్తే కొట్టు మూసుకోవడమే.

కొడుకు ఉమామహేశ్ అంతకుముందే కొట్టు ముందు కొత్తరకం గాజు బిగించాడు. “కరెంటు ఇస్తే అటూ ఇటూ అద్దమవుద్ది నాన్నా, ఎండని తిప్పికొట్టుద్ది, పట్టు వెలిసిపోదు. కరెంటు తీస్తే మామూలు గాజే.”

మార్కండేయులు అద్దం వరకే విన్నాడు.

మాణిక్యమ్మ వచ్చింది. కుంకుమరంగు పట్టుచీర మీద చెయ్యేసింది. “కడితే ఎట్టా ఉంటుందో చూడాలండీ.”

చీరల కొట్లో ఇది మామూలే. మార్కండేయులు చొక్కా మీదే చీర చుట్టి, కుచ్చిళ్లు పోసి, పైట భుజానేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. మీసాలు తప్ప అన్నీ కుదిరాయి.

అదే అద్దంలో వీధి వైపు ఆటో జాన్ పాల్ తల దువ్వుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కొట్లో లైట్లకి ఇన్వర్టర్ ఉంది, గాజుకి లేదు. తన మొహం ఉండాల్సిన చోట జాన్ పాల్‌కి మీసాల పెళ్లికూతురు కనిపించింది.

“ఓరి దేవుడో!”

వెనక్కి గెంతి సిటీ బస్సుకి అడ్డం పడ్డాడు. బస్సు ఆగింది. బస్సు వెనక బెంజ్ సర్కిలంతా ఆగింది.

కదిలితే మనిషినని తెలిసిపోద్దని మార్కండేయులు కొయ్యలా బిగుసుకుపోయాడు.

“బొమ్మేరా!”

“బొమ్మకి మీసాలేందిరా?”

“ఇప్పుడట్టాగే చేస్తన్నారంట.”

మాణిక్యమ్మకి ఇదేం పట్టలేదు. వెలుగులో చూడనిదే ఆవిడ చీర కొనదు. బయటికొచ్చి, గాజుకి ముక్కు ఆనించి, అంగుళం అంగుళం వెతికింది. తర్వాత వేలు తిప్పి సైగ చేసింది. బేరం కదా, ఆయన తిరిగాడు.

“తిరుగుతోందిరోయ్! మోటారు బొమ్మ!”

జనం రెట్టింపయ్యారు. కానిస్టేబుల్ ఈల మాని ఫోను తీశాడు.

“నాన్నా, లోపలికి రా!” వెనకనుంచి ఉమామహేశ్ గుసగుసలాడాడు.

“బొమ్మలు నడవవురా,” అన్నాడాయన పెదవి కదపకుండా.

ఇంతలో భార్య బాలత్రిపురసుందరి క్యారేజీతో జనాన్ని తోసుకొచ్చి గాజు తట్టింది. “ఏమండీ, అన్నం తెచ్చా. తింటారా, ఇంకా తిరగాలా?”

బొమ్మ ఎవరో వీధంతటికీ తెలిసిపోయింది. ఆయన మీసాలు వాలిపోయాయి.

“చీర మీద ఒక్క మరక లేదండీ!” అని అరిచింది మాణిక్యమ్మ. “ఇంత ఎండలో, ఇంతమంది చూశారు! ఇది కట్టేయండి. మా వియ్యాలవారికీ తియ్యండి.”

ఊరంతా వెతికినా దొరకని మరక ఇంక లేనట్టే. జనం లోపలికి తోసుకొచ్చారు. అందరూ అడిగింది బొమ్మ కట్టిన చీరే. జాన్ పాల్ కూడా పెళ్లాం కోసం ఒకటి తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున మార్కండేయులు ముందు గాజు వైరు పీకేశాడు. తర్వాత మీసాలకి రంగేయించుకొచ్చి, పచ్చచీర కట్టి గాజు వెనక నిలబడ్డాడు.