ఊటీ చెట్టుకు ఎదురింటి సంబంధం

ఆ పొద్దున సారంగపాణి అనుకున్న పని చాలా చిన్నది. పెరట్లోని ఫీజోవా చెట్టును వ్యవసాయ శాఖ కిషన్ రావుకు చూపించాలి. అది ఎందుకు కాయడం లేదో కనుక్కుని, టీ తాగి, హనుమకొండ చౌరస్తాలోని తన బట్టల దుకాణం తెరవాలి.

ఆయన పరువంతా ఇప్పుడు ఆ చెట్టు మీదే ఉంది. వర్తక సంఘం వాళ్లు ఊటీ యాత్రకు వెళ్లినప్పుడు తెచ్చిన మొక్క అది. జామకు దూరపు చుట్టమని, పండు మహా కమ్మగా ఉంటుందని నర్సరీవాడు చెప్పాడు. చెట్టు పూస్తోంది గానీ పిందె పట్టడం లేదు. "ఉత్త చెట్టుకు కావలి కాస్తాండు మన ప్రెసిడెంటు" అని ఎదురింటి వెంకట్రాజం మీటింగులో నవ్వేసరికి సారంగపాణికి రోషం పొడుచుకొచ్చింది. దీపావళి మహాసభలో అందరి చేతుల్లో పండు పెడతానని, పెట్టలేకపోతే సంఘంలో తన ప్రెసిడెంటు కుర్చీ వెంకట్రాజానికే ఇస్తానని నిండు సభలో మాటిచ్చాడు. అంత మాట ఇమ్మని ఆయన్ను ఎవరూ అడగలేదు.

కిషన్ రావు పూలను తిప్పి తిప్పి చూశాడు. "రోగమేం లేదు సేటూ. ఒంటిగ ఉన్నది, గంతే. దీనికి జోడు గావాలె. ఇంకో చెట్టు పూత దీని పూతకు తాకితెనే కాయ పడ్తది."

"గా ఇంకో చెట్టు యాడ తేవాలె?"

"ఎదురింట్ల ఉన్నది గద."

నిజమే. అదే యాత్రలో వెంకట్రాజం కూడా ఒక మొక్క కొన్నాడు. సారంగపాణి ముఖం మాడ్చుకుని టీ కూడా తాగకుండా దుకాణానికి వెళ్లిపోయాడు. టీ తెచ్చిన ఆయన భార్య భద్రమ్మ మాత్రం అంతా విన్నది. ఊళ్లో రావికీ వేపకూ దగ్గరుండి పెళ్ళి చేయించిన ఇల్లాలు ఆమె. జోడు కావాలంటే ఏం చేయాలో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి సంబంధం ఖాయమైంది. పంతులు ముహూర్తం పెట్టాడు, సన్నాయి వాళ్లకు బయానా అందింది.

"చెట్లకు పెండ్లేందే? బజార్ల నా ఇజ్జత్ ఏం గావాలె?"

"కాయకుంటె ఏం గావాల్నో గది సూస్కోండ్రి."

"సరే, మనది పిలగాడని జెప్పు."

"వాళ్ల సరస్వతక్క ముందుగాలనే జెప్పింది, పిలగాడు వాళ్లదేనట. ఆడపిల్లోల్లం మనమే. జర తగ్గి మాట్లాడుండ్రి."

వెంకట్రాజం గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి, పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని ఆ గడపే తొక్కాడు. వెంకట్రాజం కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, "ఎదుర్కోళ్లు మంచిగ జెయ్యాలె బావా" అన్నాడు. పిల్లనిచ్చేవాడికి కోపం ఉండకూడదు కాబట్టి సారంగపాణి నవ్వాడు.

పెళ్ళినాడు తన చెట్టు పువ్వు ఒక్కటి కూడా తెంపనివ్వలేదాయన. వాళ్ల చెట్టుకు బజారు నుంచి మల్లెదండ తెప్పించాడు. వెంకట్రాజం భార్య సరస్వతి మాత్రం తమ చెట్టును పూర్తిగా దులిపి ఆ పూలతోనే దండ గుచ్చింది. భద్రమ్మ నిచ్చెనెక్కి ఆ దండను వధువు కొమ్మకొమ్మకూ తాకించి మరీ చుట్టింది.

పది రోజులకు పిందెలు కనిపించాయి. వెంకట్రాజం చెట్టుకు ఒక్కటీ లేదు, సారంగపాణి చెట్టుకు కొమ్మ వంగేటన్ని. ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. కనపడ్డవాడినల్లా పెరట్లోకి లాక్కొచ్చి చూపించాడు.

దీపావళి మహాసభ రోజున గంప పట్టుకుని పెరట్లోకి వెళితే చెట్టు బోడిగా ఉంది.

"పండ్లేవే?"

"పొద్దుగాలనే సారె పంపిన. తొలి పంట పిల్ల అత్తగారింటికి పోకుంటె నలుగురు నవ్వరా?"

సారంగపాణి చెప్పుల్లేకుండానే సభకు పరుగెత్తాడు. అప్పటికే వెంకట్రాజం ప్రెసిడెంటు కుర్చీలో కూర్చుని ఆకుపచ్చటి పండ్లు కోసి పంచుతున్నాడు.

"అవి నా చెట్టు పండ్లు."

"సారె పంపినంక మాయే గద. వాపస్ అడుగుతానవా బావా?"

సభలో అందరూ సారంగపాణి వైపు చూశారు. పంపిన సారె తిరిగి అడిగిన వర్తకుడి దుకాణంలో ఎవరూ పెళ్ళిబట్టలు కొనరు. ఆయన వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

పండు ఎలా ఉందని కొత్త ప్రెసిడెంటు అడిగితే, "మీ ఇంటి పండు గద బావా, మస్తు కమ్మగున్నది" అని ఆడపిల్లవారు చెప్పవలసిన మాటే చెప్పాడు.