హెచ్ఐఎస్ 412 ఇ

ప్రాచీన లిపులు చెప్పే కాంట్రాక్టు లెక్చరరు హేమసుందరి, తన పద్నాలుగో కాంట్రాక్టు ముగిసిన సోమవారం ఉదయం, యూనివర్సిటీ అకడమిక్ సెక్షను కౌంటరు దగ్గర నిలబడి నిలబడి కోర్సు కోడుగా మారిపోయింది. గుమాస్తా జగన్నాయకులు పెన్ను మూత తీసి, ఆమెను హెచ్ఐఎస్ 412 ఇ అని రిజిస్టరులో ఎక్కించి, తరవాతివారిని రమ్మన్నాడు.

ఆమెకు మొదట కలిగింది సంతోషమే. ఏటా ఒక్కరోజు సర్వీసు తెంచి మళ్లీ చేర్చుకోవడం, ఆ రోజంతా ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఇక ఉండవు. కోడును తీసెయ్యాలంటే పాలకమండలి తీర్మానం కావాలి. లెక్చరరునైతే ఒక్క ఫోను చాలు.

ఆమె భర్త సింహాచలానికి యూనివర్సిటీ గేటు ఎదురుగా జెరాక్సు షాపు. కబురందగానే సెక్షనంతా మిఠాయి పంచి, కోడుకు అర్థమేమిటని అడిగాడు. మొదటి మూడక్షరాలూ చరిత్ర శాఖవని, నాలుగంటే నాలుగో సెమిస్టరని, పన్నెండు శాఖలో వరస నంబరని జగన్నాయకులు ఓపిగ్గా చెప్పాడు. చివరి అక్షరం దగ్గర గొంతు తగ్గించాడు.

“ఇ అంటే ఎలక్టివు బాబూ. కావలసినోళ్లు తీసుకుంటారు, అక్కర్లేనోళ్లు మానేస్తారు.”

పదిమందైనా చేరకపోతే ఆ ఏడు క్లాసు నడవదు. సింహాచలం ఆ అక్షరాన్ని మార్చి తప్పనిసరి కోర్సు చేయమని అర్జీ పెట్టాడు. ఆమె ఎవరికైనా తప్పనిసరని రుజువు జతచేయమన్నారు. పెళ్లిఫొటో చెల్లదన్నారు. ఒరిజినలు యూనివర్సిటీ దాటి వెళ్లకూడదు గనక, అటెస్టు చేసిన జెరాక్సు కాపీని ఇంటికి తీసుకెళ్లాడు. అది అన్నం తినదు గానీ కబుర్లు చెబుతుంది.

ఆ ఏడు పదకొండుమంది చేరారు. హేమసుందరి ఊపిరి పీల్చుకుంది. పాఠం చెప్పడానికి పది నెలల కాంట్రాక్టు మీద మనిషి కావాలని ప్రకటన వస్తే, మొదటి దరఖాస్తు ఆమెదే. కోడు తనను తాను బోధించుకోరాదని తిరస్కరించి, పాలకొండ నుంచి వచ్చిన నీలవేణి అనే అమ్మాయిని తీసుకున్నారు.

నీలవేణి మొదటి క్లాసులోనే ఒక అక్షరం తప్పు చదివి, శాసనంలోని మనవడిని తాతను చేసింది. నల్లబల్ల పైఅంచున కోడుగా రాసి ఉన్న హేమసుందరి దిద్దబోయి ఆగింది. కోడు నోరెత్తితే అది సిలబస్ సవరణ కిందికి వస్తుంది. దానికి మూడేళ్లు పడుతుంది.

పిల్లలు వెళ్లిపోయాక నీలవేణి నల్లబల్ల దగ్గరకొచ్చి నిలబడింది.

“మేడమ్, వచ్చే ఏడు నన్నుంచుతారా?”

ఆ ప్రశ్నను హేమసుందరి పద్నాలుగుసార్లు అడిగింది. ఒక్కసారీ ఎవరూ జవాబు చెప్పలేదు.

“నా పక్కన నాలుగువందల పదమూడు ఖాళీగా ఉందమ్మా,” అంది.

నీలవేణి ఆ అంకెను సుద్దముక్కతో అరచేతిలో రాసుకుంది. చెమటకు చెరిగిపోతుందేమోనని బస్సులో చెయ్యి ముడవకుండా కూర్చుంది. పక్క సీట్లోని కాంట్రాక్టు నర్సు ఆ అంకె సంగతి అడిగి తెలుసుకుంది.

“మా ఆస్పత్రిలో కూడా ఇస్తన్నారేటండీ?” అని మెల్లిగా అడిగింది.